లేత ముంజె, బిందెడు నీళ్లు

మేనకోడలు: లేత తాటిముంజెని వేలితో నొక్కి చూడు మావయ్యా. లోపలికి పోతుంది, వేలు తీస్తే మళ్లీ లేచి నిలబడుతుంది. అందులో ఉన్నది చాలావరకు నీళ్లే, అయినా కారిపోదు. మా ల్యాబులో హైడ్రోజెల్ అనేది కూడా అలాంటిదే. కంటికి కనిపించని పోగుల వల ఒకటి నీళ్లని పట్టి ఉంచుతుంది. దాంట్లో ఇడ్లీకి ఉన్నట్టు చిల్లులు వచ్చేలా చేస్తే మనిషి కణాలు ఆ చిల్లుల్లో దూరి కాపురం పెడతాయి. చర్మం కణాలు పెట్టి చూశారు, ఎముక కణాలు పెట్టి చూశారు. కిడ్నీ కణాలు పెడితే ఎంతదూరం వెళ్లగలమో చూడటానికి ఎన్నో దేశాల్లో కష్టపడుతున్నారు. మన ఉద్దానం కిడ్నీ జబ్బుకి అసలైన విరుగుడు ఏనాటికైనా అందులోంచే వస్తుందని నా నమ్మకం. డబ్బు, మనుషులు, ఓపిక ఆ పనికి ఇప్పుడే పెట్టాలి.

మావయ్య: ఏనాటికైనా అన్నావు చూడమ్మీ, నేను అక్కడే ఆగిపోయాను. నాకు తెలిసిన రోజులు రెండే. బుధవారం, శనివారం. పూండిలో తెల్లారకుండానే ఆటో ఎక్కాలి, నాలుగు గంటలు డయాలసిస్ కుర్చీలో కూర్చోవాలి, ఇంటికొచ్చి పడుకోవాలి. ఆ రెండు రోజులూ మీ అత్త జీడి పనికి పోదు, ఆ కూలి పోతాది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం, పలాస, ఏ మండలానికి పోయినా మాలాంటి ఇళ్లు కనిపిస్తాయి. చేతిలో ఒక రూపాయి ఉంటే అది ముందు తాగే నీళ్లకి పెట్టాలి, తరవాత పరీక్షలకి, ఆ తరవాత డయాలసిస్‌కి. జెల్లు దగ్గరికి వచ్చేసరికి ఆ రూపాయిలో ఏమీ మిగలకూడదు. మిగిలిందంటే పై మూడింట్లో ఏదో ఎగ్గొట్టారన్నమాటే.

మేనకోడలు: నువ్వు కూర్చునే ఆ కుర్చీ ఎక్కడి నుంచి వచ్చింది మావయ్యా? 1861లో థామస్ గ్రాహం అనే ఆయన ఉప్పు, పంచదార, జిగురు నీళ్లలో కలిపి ఒక పలచటి పొర మీద పోశాడు. ఉప్పూ పంచదారా పొర దాటిపోయాయి, జిగురు దాటలేదు. ఆ వేరుచేయడానికి ఆయన పెట్టిన పేరే డయాలసిస్. తరవాత 1943లో, నెదర్లాండ్స్ జర్మన్ల చేతిలో ఉన్న రోజుల్లో, విలెం కోల్ఫ్ అనే డాక్టరు మాంసం కూరి అమ్మే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక పీపా చుట్టూ చుట్టి, ఉప్పునీళ్ల తొట్టెలో తిప్పాడు. గొట్టంలో రోగి రక్తం. సెల్లోఫేన్ తడిస్తే ఉబ్బుతుంది, దాని సన్న రంధ్రాల్లోంచి యూరియా పోతుంది, రక్తకణాలు పోవు. ఇప్పుడు నీ డయలైజర్‌లో దాదాపు 10 వేల సన్నగొట్టాలు ఉన్నాయి. ఒక్కోటి వెంట్రుకకి రెండు మూడింతల లావు. చిల్లులున్న పొర మీద పిచ్చిపట్టినట్టు పనిచేసినవాళ్లు లేకపోతే ఈ బుధవారం, ఈ శనివారం నీకు ఉండేవా?

మావయ్య: ఉండేవి కావు. ఆ మాటకి నా దగ్గర ఎదురు లేదు. రోజూ దణ్ణం పెట్టుకోవలసిన మనుషులు వాళ్లు. కానీ ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి, ఆ కథలో రెండో సగం నేను చెబుతాను. కోల్ఫ్ మిషన్ మీద పెట్టిన మొదటి పదహారు మందిలో దాదాపు అందరూ చనిపోయారు. బతికి ఇంటికెళ్లింది పదిహేడో మనిషి, 1945లో, అరవై ఏడేళ్ల ముసలామె. నేను అడిగేది ఆ పదహారు మంది గురించి. రేపు మీ జెల్లు కిడ్నీ వస్తే మొదట ఎవరి ఒంట్లో పెడతారు? హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆస్పత్రికి పోగలిగినవాడికా, వేలిముద్ర వేసే మా వీధి మనిషికా?

మేనకోడలు: అది న్యాయమైన భయం. ఇంకా పెద్ద ఉదాహరణ నేనే చెబుతాను, దాచను. 2011లో స్వీడన్‌లో మాకియారిని అనే సర్జన్ చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టానికి రోగి మూలకణాలు పట్టించి శ్వాసనాళంగా అమర్చాడు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆ దేశంలో ఆయన అలా ఆపరేషన్ చేసిన ముగ్గురూ చనిపోయారు. 2023లో అక్కడి అప్పీలు కోర్టు ఆయనకి జైలుశిక్ష వేసింది. జంతువుల మీద సరిగా చూడకుండా మనిషి మీదికి దూకాడు. నా రంగంలో జరిగిన పాపం అది, మాకు అది పాఠంగా చెబుతారు. కానీ కోల్ఫ్ వేరు. తన మిషన్లు ఊరికే ఆస్పత్రులకి ఇచ్చేశాడు, తన దగ్గరే ఉంచుకోలేదు. పని ఒకటే, మనుషులు వేరు.

మావయ్య: మనుషులు వేరని నువ్వే అన్నావు. మాకు ఎవరు దొరుకుతారో మాకెలా తెలుస్తాది?

మేనకోడలు: ముందుగా తెలియదు. అందుకే ఎథిక్స్ కమిటీ ఉంటుంది, కాగితం ఉంటుంది, ప్రశ్న అడిగే హక్కు ఉంటుంది.

మావయ్య: కమిటీ సంగతి కూడా చెబుతాను విను. అమెరికాలో సియాటిల్ అనే ఊళ్లో 1960 ప్రాంతంలో స్క్రిబ్నర్ అనే డాక్టరు చేతికి టెఫ్లాన్ గొట్టం అమర్చి, డయాలసిస్ మళ్లీ మళ్లీ చేయొచ్చని చూపించాడు. అంతకుముందు రక్తనాళం పాడైపోయేది, నాలుగైదు సార్లకే దారి మూసుకుపోయేది. మంచి పనే. అయితే మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. అప్పుడు ఊళ్లో పెద్దలతో కమిటీ వేశారు, ఎవరికి డయాలసిస్ ఇవ్వాలి, ఎవరిని వదిలేయాలి అని. పెళ్లాం పిల్లలున్నారా, ఉద్యోగం ఉందా, చర్చికి పోతాడా, అన్నీ చూశారు. కొత్త వస్తువు వచ్చిన ప్రతిసారీ ముందు వరస తయారవుతాది. వరసలో చివర నిలబడే ఊళ్లు కొన్ని ఉంటాయి. పూండి ఎప్పుడూ ముందు నిలబడలేదమ్మీ.

మేనకోడలు: వరస ఉంటుందని కొత్త వస్తువే వద్దంటే ఎలా? నీ వరస సంగతే చూడు. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ కేజీహెచ్. తరవాత శ్రీకాకుళం. తరవాత సోంపేట, కవిటి, పలాస. 2023 డిసెంబర్ 14న పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ తెరిచారు. వరస చిన్నదయింది. దగ్గరికి వచ్చింది.

మావయ్య: వచ్చింది. ఒప్పుకుంటాను. నెలకి పదివేల పింఛను కూడా వస్తాంది. ఎవరు అడిగితే వచ్చింది? ల్యాబులో వాళ్లు అడిగారా? ఈ ఊళ్లవాళ్లు రోడ్డెక్కి అడిగితే వచ్చింది. అదే రోజు హిరమండలం నుంచి పైపులైను నీళ్లు కూడా తెరిచారు, ఏడు వందల కోట్ల పని, ఎనిమిది వందల పైచిలుకు ఊళ్లకి. మేం మొదట అడిగింది ఆ నీళ్లే. నేను నీకు చెప్పేది కూడా అదే వరస. ముందు నీళ్లు.

మేనకోడలు: నీళ్లు రావాలి, నేనెందుకు కాదంటాను? కానీ నీళ్లే కారణమని తేలిందా మావయ్యా? అది చెప్పు.

మావయ్య: తేలలేదు.

మేనకోడలు: అదీ. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం చూశాను. ఉద్దానంలో పరీక్ష చేసినవాళ్లలో నూటికి పద్దెనిమిది మందికి కిడ్నీ జబ్బు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి షుగరు గానీ బీపీ గానీ, తెలిసిన ఏ కారణం గానీ లేదు. సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశంలో ఉందన్నారు. ఇన్నేళ్లయినా ఇదీ అని చెయ్యి పెట్టి చూపించలేకపోతున్నాం. శ్రీలంకలో ఉత్తర మధ్య ప్రాంతంలో ఇలాగే ఉంది, నికరాగ్వా చెరకుతోటల్లో ఇలాగే ఉంది. కారణం తెలియని జబ్బుకి ఏడు వందల కోట్ల పైపు వేశాం. సరైన పనే కావచ్చు, కాకపోనూ వచ్చు.

మావయ్య: కాకపోనూ వచ్చు. అయినా మంచినీళ్లు ఎప్పుడూ దండగ కావు. జబ్బుకి పనికిరాకపోయినా దాహానికి పనికొస్తాయి. మీ జెల్లు పనికిరాకపోతే దేనికి పనికొస్తాది?

మేనకోడలు: ఇప్పుడు నేను అసలు సంగతి చెబుతాను. కిడ్నీలో ముఖ్యంగా రెండు పనులు జరుగుతాయి. జల్లెడ పని ఒకటి. రోజుకి దాదాపు 180 లీటర్లు వడపోస్తుంది. రెండో పని ట్యూబ్యూల్‌ది, అంటే ఆ సన్నటి గొట్టానిది. వడపోసిన 180 లీటర్లలో ఒకటిన్నర, రెండు లీటర్లు వదిలి మిగతాదంతా తిరిగి లోపలికి తీసుకుంటుంది. ఏ ఉప్పు ఎంత ఉంచాలి, ఏది బయటికి పంపాలి అని చూసేది అదే. డయాలసిస్ మిషన్ చేసేది జల్లెడ పని ఒక్కటే, అదీ వారానికి ఉన్న 168 గంటల్లో నీకు ఎనిమిది గంటలు. అందుకే నీకు రక్తానికి ఇంజెక్షన్, ఎముకలకి మాత్ర, నీళ్ల మీద లెక్క. మరి ఉద్దానంలో జబ్బు పడుతున్నది ఏది? జల్లెడ కాదు. ట్యూబ్యూల్, దాని చుట్టూ ఉన్న కణజాలం. అందుకే కాళ్లవాపు రాదు, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, మనిషికి తెలిసేసరికి సగం పైగా పోయి ఉంటుంది.

మావయ్య: నాకు అలాగే తెలిసింది. వాంతులయ్యాయని వెళ్తే క్రియాటినిన్ తొమ్మిది అన్నారు.

మేనకోడలు: ఆ ట్యూబ్యూల్‌ని జెల్లులో కట్టగలుగుతున్నారు మావయ్యా. 2016లో హార్వర్డ్‌లో జెన్నిఫర్ లూయిస్ బృందం చేసింది. జెలటిన్, ఫైబ్రిన్ కలిపిన మెత్తటి జెల్లు. అందులో మెలికలు తిరిగిన గీతలా ఒక సిరాని అచ్చువేస్తారు. ఆ సిరా చల్లబరిస్తే కరిగి కారిపోతుంది, అది ఉన్నచోట సొరంగం మిగులుతుంది. ఆ సొరంగం గోడకి మనిషి ట్యూబ్యూల్ కణాలు అంటించి, లోపల నీళ్లు పారిస్తే కొన్ని వారాల్లో అవి ఒకదాన్నొకటి పట్టుకుని నిజమైన గొట్టంలా గోడ కడతాయి. తరవాత కిడ్నీని దెబ్బతీస్తుందని తెలిసిన మందు ఒకటి పోసి చూశారు. మందు పెరిగినకొద్దీ గోడ చిల్లులు పడింది. అంటే ఆ జెల్లు సాక్ష్యం చెప్పింది. జోసెఫ్ బాన్వెంటర్ గుర్తున్నాడా? 2017లో ఉద్దానం గురించి మాట్లాడటానికి విశాఖ వచ్చిన హార్వర్డ్ కిడ్నీ డాక్టరు. 2019లో మూలకణాలతో పెంచిన చిన్న కిడ్నీ ముక్కల్ని అలాంటి జెల్లు మీద ఉంచి, నీళ్లు పారించి, వాటిలో రక్తనాళాలు మొలిపించిన పరిశోధనలో ఆయన పేరూ ఉంది. ఉద్దానాన్ని చూడటానికి వచ్చిన మనిషీ, ఆ జెల్లూ, రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఇక మిగిలింది మన బావి నీళ్లు ఆ గొట్టంలో పోసి చూడటమే.

మావయ్య: ఆగు. ఇది నువ్వు మొదట చెప్పిన మాట కాదు. మొదట జెల్లుతో కిడ్నీ చేస్తామన్నావు. ఇప్పుడు జెల్లుతో కారణం వెతుకుతామంటున్నావు.

మేనకోడలు: రెండూ అన్నాను. మొదటిది దూరం, ఒప్పుకుంటున్నాను. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు, అంటే జల్లెడా గొట్టమూ కలిసిన జతలు, ఉంటాయి, మేం ఒక్క గొట్టం కట్టి పండగ చేసుకుంటున్నాం. జెల్లు కాస్త మందంగా పోస్తే మధ్యలో ఉన్న కణాలకి ఊపిరి అందదు. రక్తనాళానికి 200 మైక్రాన్లు దూరమయ్యేసరికి చచ్చిపోవడం మొదలుపెడతాయి. ఇది నా ల్యాబులో రోజూ చూసే చావు. కానీ రెండోది దూరం కాదు.

మావయ్య: ఈ రెండో దాని మీద నాకు మనసు కొంచెం మెత్తబడింది. అది నిజమే చెబుతాను. అయినా ఒక లెక్క కుదరలేదు. మా ఊళ్లో మనిషి పాతికేళ్లు ఆ నీళ్లు తాగాడు. ఏప్రిల్‌లో కొబ్బరితోటలో గొయ్యి తీశాడు, చెమట కారి ఒళ్లు ఎండిపోయింది, సాయంత్రం నడుంనొప్పికి రెండు మాత్రలు వేసుకున్నాడు. అలా పాతికేళ్లు. మీ జెల్లు గొట్టం ఎన్నాళ్లు బతుకుతాది?

మేనకోడలు: కొన్ని వారాలు. మహా అయితే రెండు నెలలు.

మావయ్య: పాతికేళ్ల విషాన్ని రెండు నెలల గొట్టం పట్టుకుంటాదా? పట్టుకోలేదనుకో. అప్పుడు మీరు కాగితం మీద రాస్తారు, నీళ్లలో ఏమీ లేదని. ఆ ఒక్క వాక్యం చూసి పైన కూర్చున్నవాళ్లు పైపులైను రిపేర్లు మానేస్తారు. సాక్ష్యం లేకపోవడం వేరు, నేరం లేకపోవడం వేరు. ఆ తేడా ఫైలులో ఎవరూ రాయరు.

మేనకోడలు: ఇది నేను అనుకోని మాట. నిజంగా అనుకోలేదు.

మావయ్య: మా వార్డులో కూర్చుంటే ఇలాంటివే తోస్తాయి, నాలుగు గంటలు వేరే పనేముంది! ఇంకోటి చూడు. నికరాగ్వా అన్నావు. అక్కడ కూడా కారణం పూర్తిగా తేలకముందే చెరకు కోసేవాళ్లకి నీళ్లు, నీడ, విశ్రాంతి ఇవ్వడం మొదలుపెట్టారు. గంటకింత అని పని ఆపి నీడలో కూర్చోబెట్టి ఉప్పూ నీళ్లూ ఇచ్చారు. కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. దానికి ఏ జెల్లూ కావలసిరాలేదు. ఒక గుడారం, ఒక డ్రమ్ము నీళ్లు, కాసేపు కూర్చోమని చెప్పే మేస్త్రీ. మా కొబ్బరితోటల్లో, ఉపాధి పనుల్లో ఆ గుడారం ఏదమ్మీ?

మేనకోడలు: లేదు. ఉండాలి. అది రేపే చేయవచ్చు. నేను దాన్ని కాదనడం లేదు, దానికీ దీనికీ పోటీ పెట్టొద్దంటున్నాను. గుడారం డబ్బు ఉపాధి పద్దులోది, నా జెల్లు డబ్బు సైన్సు పద్దులోది. ఇక్కడ నేను మానేస్తే ఆ రూపాయి నడిచి పూండి రాదు మావయ్యా. ఇంకో ల్యాబుకి పోతుంది, ముఖానికి ముడతలు పోగొట్టే జెల్లు చేయడానికి.

మావయ్య: డబ్బు రాకపోవచ్చు. నువ్వు రావచ్చు కదా! తెలివైన పిల్లలంతా దూరపు పని మీద పడితే దగ్గరి పనికి ఎవరున్నారు? పలాసలో కొత్త ఆస్పత్రి ఉంది, పడకలున్నాయి. కిడ్నీ డాక్టరు వచ్చి నిలబడి పదేళ్లు ఉండాలి కదా? ప్రతి ఊళ్లో ఆరు నెలలకొకసారి క్రియాటినిన్ చూసి, పుస్తకంలో రాసి, పెరుగుతుంటే ఇంటికెళ్లి చెప్పే మనిషి కావాలి కదా?

మేనకోడలు: ఆ మాట గుచ్చుకుంది. జవాబు చెబుతాను, అది సాకు కాదు. దగ్గరి పని అన్నావు కాబట్టి దగ్గరి జెల్లే చెబుతాను. అత్త వేళ్లు చూశావా ఈ మధ్య? జీడిపిక్క తొక్కలో నూనె తగిలి చూపుడువేలు, బొటనవేలు చర్మం పొరలుపొరలుగా లేచిపోయింది. కాలిన గాయానికి చిల్లుల జెల్లు ఎంత పనిచేస్తుందో అందరికీ తెలిసిన సంగతి. 1981లోనే అమెరికాలో బర్క్ అనే డాక్టరు, యానస్ అనే ఇంజనీరు కలిసి ఆవు కొలాజెన్‌తో అలాంటి పొర చేసి కాలిన మనుషులకి వేశారు. ఎలా చేశారో తెలుసా? తడి జెల్లుని గడ్డకట్టిస్తారు. లోపలి నీళ్లు మంచు సూదుల్లా అల్లుకుంటాయి. అప్పుడు గాలి తీసేసిన పెట్టెలో ఆ మంచుని ఆవిరిగా లాగేస్తారు. మంచు ఉన్నచోట చిల్లు మిగులుతుంది. ఆనపపాదుకి పందిరి వేసినట్టు. కణాలు ఎగబాకి అల్లుకున్నాక పందిరే కరిగిపోతుంది, పాదు నిలబడుతుంది. రొయ్యల పెంకులోంచి తీసే కైటోసాన్‌తో రక్తం ఆపే పట్టీలు వస్తున్నాయి. సూది తీశాక నీ చేతి మీద పది నిమిషాలు నొక్కి పట్టుకుంటారే, అక్కడ కూడా అలాంటివి వాడుతున్నారు. రొయ్యల్లో మన రాష్ట్రమే దేశంలో ముందు. ఆ పెంకులు పారబోస్తున్నాం.

మావయ్య: మీ అత్త వేళ్లు చూశాను. రోజూ చూస్తాను, అన్నం పెట్టేది ఆ చేత్తోనే. కానీ ఆ వేళ్లకి ముందు కావలసింది గ్లౌజు. గ్లౌజు వేసుకుంటే పిక్క జారుతాది, లెక్క తగ్గుతాది, కిలోల మీద కూలి కాబట్టి కూలి తగ్గుతాది. అందుకని నూనె పూసుకుని, బూడిద రాసుకుని చేస్తారు. కూలి లెక్క మార్చకుండా జెల్లు పట్టీ ఇస్తే ఏమవుతాది? వేలు మానుతాది, మర్నాడు మళ్లీ కాలుతాది. మంచి మందు చెడ్డ పనికి ఊతమవుతాది.

మేనకోడలు: అయితే గ్లౌజు వచ్చేదాకా వేలు కాలుతూ ఉండాలా?

మావయ్య: ... వద్దు. అలా అనను. ఇది నీకే వదిలేస్తున్నాను.

మేనకోడలు: ఇంకో మాట చెప్పనీ. ఇదంతా అమెరికా కథ అనుకుంటున్నావు. 2022లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఐఐటీ, సీసీఎంబీ కలిసి జెల్లుతో కంటిపాప మీది పారదర్శక పొరని, కార్నియాని, త్రీడీ ప్రింటర్‌లో అచ్చువేశాయి. ఆపరేషన్‌కి పనికిరాని దానపు కళ్లు తీసుకుని, కణాలన్నీ కడిగేసి, మిగిలిన పదార్థాన్ని జెల్లుగా మార్చి, దాన్నే సిరాగా వాడారు. కుందేలు కంట్లో పెట్టి చూశారు. తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ 1990లో మొదలుపెట్టిన గుండె వాల్వు ఎన్ని వేల మందిని బతికించిందో నీకు తెలుసు. బయటి వాల్వు కొనలేనివాళ్లకే అది అందింది. మనం చేసుకున్న వస్తువు మన ధరకి వస్తుంది. పక్కవాడు చేసిందాకా ఆగితే వాడి ధరకి కొనాలి. నీకు ఇది చెప్పాలా?

మావయ్య: వాల్వు మాట గట్టిది. అది నాకు తెలిసిన ఇళ్లలోనే ఉంది. కార్నియా మాట అంత గట్టిది కాదు. కార్నియాలో రక్తనాళాలు లేవు, పలచటి పొర. కిడ్నీ అంటేనే రక్తనాళాల ముద్ద. కంటి దగ్గర గెలిచామని కిడ్నీ దగ్గర గెలుస్తామనుకోకు.

మేనకోడలు: అనుకోను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక బృందం మరో దారిలో పోతోంది. సిలికాన్ జల్లెడ ఒకటి, దాని పక్కన బతికున్న ట్యూబ్యూల్ కణాల పెట్టె ఒకటి. గుండె కొట్టే ఒత్తిడితోనే రక్తం అందులోంచి పోవాలని వాళ్ల ఆలోచన, కరెంటు అక్కర్లేకుండా. 2023లో కణాల పెట్టెని పందుల్లో పెడితే వారం రోజులు బతికాయి. వారం రోజులే. కానీ మావయ్యా, తిత్లీ తుపాను గుర్తు తెచ్చుకో. 2018 అక్టోబర్ 11. కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి, కరెంటు రోజుల తరబడి లేదు. మిషన్ తిరగాలంటే కరెంటు కావాలి, ఒక్కో మనిషికి ఒక్కో విడతకి 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి. ఒంట్లోనే ఉండే కిడ్నీ అయితే తుపానుకి ఆగదు.

మావయ్య: తిత్లీ నాటికి నేనింకా మంచిగానే ఉన్నాను. మా పెద్దన్నయ్య డయాలసిస్ మీద ఉన్నాడు. చెట్లు నరుక్కుంటూ మోటారు సైకిల్ మీద తీసుకెళ్లాం. ఆ రోజు నువ్వు చెప్పిన వస్తువు ఉండి ఉంటే నా ప్రాణం అడిగినా ఇచ్చేవాణ్ణి. అది నిజం. కానీ నువ్వు ఇప్పుడు 120 లీటర్లు అన్నావు కదా. నేను రోజుకి ముప్పావు లీటరు మించి తాగకూడదు. ఎండాకాలం నాలిక పిడచకట్టుకుపోతే ఐసు ముక్క చప్పరిస్తాను. నా పక్కన పైపులో నా కోసం 120 లీటర్లు పోతా ఉంటాయి. అంత శుభ్రమైన నీళ్లు ఈ ఒంటికి పాతికేళ్ల ముందు ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో అనుకుంటాను. ఏదీ, నీ వేళ్లు ఇక్కడ పెట్టు. ఫిస్టులా మీద, సూది పెట్టే ఈ నరం మీద. ఏం తెలుస్తాంది?

మేనకోడలు: తేనెటీగ పట్టుకున్నట్టుంది. చర్మం కింద జివ్వుమంటోంది.

మావయ్య: ఆ చప్పుడు ఆగితే ఇక సూది పెట్టడానికి దారి లేదు. రోజూ పొద్దున్నే లేవగానే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటాను. నాకు భవిష్యత్తు అంటే అంతదూరమే. నువ్వు ఇరవయ్యేళ్ల భవిష్యత్తు చెబుతుంటే కోపం రాదు, చెవికి అందదు, అంతే.

మేనకోడలు: నేను అడగటానికి వచ్చింది అడిగేస్తాను. ట్యూబ్యూల్ కణాలు తీయాలంటే కిడ్నీ కోయక్కర్లేదు. మూత్రంలోకి కొన్ని రాలుతూ ఉంటాయి, వాటిని పట్టి ల్యాబులో పెంచవచ్చు. ఉద్దానం మనిషి కణాలతో, ఉద్దానం నీళ్లతో, జెల్లులో గొట్టం కట్టాలని ఉంది. బయటి మనిషి కణం పక్కన పెట్టి పోల్చితే, లోపం నీళ్లలో ఉందా, మన ఒంట్లోనే ఉందా, రెండూ కలిస్తేనా అని కొంతైనా తెలుస్తుంది. నీ సంతకం కావాలి.

మావయ్య: ఇరవయ్యేళ్లుగా ఈ ఊళ్ల రక్తం, మూత్రం, బావినీళ్లు సీసాల్లో పోతూనే ఉన్నాయి. పోయిన సీసా ఏం చెప్పిందో తిరిగొచ్చి మాకు చెప్పినవాళ్లు తక్కువ. పైగా నాకు మూత్రం రోజుకి అరగ్లాసు కూడా రాదు. నా గొట్టాల్లో రాలడానికి ఏం మిగిలింది?

మేనకోడలు: నీది కాదు మావయ్యా. జబ్బు మొదలవుతున్న దశలో ఉన్నవాళ్లది కావాలి.

మావయ్య: అంటే చిన్నోడిది.

మేనకోడలు: బావకి మొన్న క్యాంపులో క్రియాటినిన్ 1.6 వచ్చిందని అత్త చెప్పింది.

మావయ్య: వాడికి ముప్ఫై నాలుగేళ్లు. తోటపని వాడిదే. నేను వాడికి చెప్పింది మూడు. నీళ్లు తాగుతూ పని చెయ్యి, మిట్టమధ్యాన్నం నీడలో కూర్చో, నొప్పి మాత్ర ముట్టకు. అంతకంటే నాకు తెలిసింది లేదు. నీకు తెలిసింది ఉందేమో. అందుకే నీతో ఇంతసేపు మాట్లాడాను. కాగితం ఇంగ్లీషులో తేకు. తెలుగులో రాయించి తీసుకురా. ఏం తీసుకుంటారు, ఎక్కడికి పోతాది, ఏం తేలినా తేలకపోయినా ఎప్పటిలోగా పూండి వచ్చి పదిమందిలో చెబుతారు, అదంతా ఉండాలి. నీళ్లలో ఏమీ దొరకలేదంటే దాని అర్థం నీళ్లు మంచివని కాదు అన్న ముక్క కూడా అందులో రాయించు.

మేనకోడలు: రాయిస్తాను. చివరి ముక్క ముందు రాయిస్తాను. నువ్వు బావకి చెబుతావా?

మావయ్య: నేను చెప్పను. ఇవ్వమనీ అనను, వద్దనీ అనను. కిడ్నీ వాడిది, మాట వాడిది. నువ్వు అడుగు. సాయంత్రం ఆరుకి తోట నుంచి వస్తాడు.